వంద గ్రాములకు ఎంత?

"ఆ నీలం చొక్కా కూడా ఇలా ఇవ్వు," అంది కొనాడు.

బిరాగో ఇవ్వలేదు. గుమ్మంలో నిలబడి, తన మొగుడి బట్టలన్నీ ఆడపడుచు పెట్టెలో కుక్కుతుంటే చూస్తూ ఉండిపోయింది.

"వదినా, నిన్ననే కదా ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాం. మనిషి సరిగా నిలబడలేకపోతున్నాడు. ట్రోట్రో వ్యానులో మీ మాంపాంగ్ దాకా ఆ కుదుపులు..."

"కుదుపులకి చావడులే. నీ వంటకి చస్తాడు."

వాకిట్లో బట్టలారేస్తున్న అద్దెవాళ్ళు చేతులాపి ఇటు చూశారు. కొనాడు గొంతు అలాంటిది. కుమాసీ బజార్లో పాతికేళ్ళుగా బట్టలమ్మిన గొంతు. గుసగుసలాడినా నాలుగిళ్ళకు వినబడుతుంది.

"రెండు నెలల్లో ఇది మూడోసారి," అంది కొనాడు వేళ్ళు మడుస్తూ. "పిత్తాశయంలో రాళ్ళున్నాయి, కొవ్వు పడితే అవి కదిలి ప్రాణం తోడేస్తాయని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఇరవయ్యో తారీఖున ఆపరేషన్. ఈలోగా మళ్ళీ వాపొస్తే కత్తి పెట్టనన్నాడు. ఇంకో మూడు నెలలు ఆగాలట. వీడు మూడు నెలలు ఆగేలా ఉన్నాడా? అటు చూడు!"

ఫ్రెంపొంగ్ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. డ్రైవింగ్ నేర్పే బడిలో ఇరవయ్యేళ్ళు గొంతు చించుకున్న మనిషి. ఇప్పుడు చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికే ఆయాసపడుతున్నాడు. అక్క వైపు చూడలేదు. పెళ్ళాం వైపూ చూడలేదు.

"నూనె సీసా మూత తీసి నలభై రోజులైంది వదినా. పామాయిల్ కాయల పులుసు లేదు, వేరుశెనగ పులుసు లేదు. వేయించిన అరటి వాసనకూడా ఈ ఇంట్లో లేదు. ఆయనతోపాటు నేనూ ఆ చప్పిడి కూడే తింటున్నాను."

"మరి ఆ కొవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మాయ్? గాల్లోంచి ఊడిపడిందా?"

బిరాగో నలభై రోజులుగా రాత్రీ పగలూ తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది. ఆమె మొగుడి వైపు తిరిగింది. తన తరఫున ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, అంటాడేమోనని.

ఫ్రెంపొంగ్ గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఆ మౌనం కొనాడు మాటలకంటే లోతుగా దిగింది. బిరాగోకి తెలియకుండానే గొంతు లేచింది.

"నువ్వే చెప్పు. ఎక్కడ తింటున్నావ్? మీ బడి గేటు దగ్గర వేపుడు చేపలమ్మే ఆవిడ దగ్గరేనా? చెప్పవయ్యా! నీ నోటి రుచికి నా నెత్తిన అపవాదు ఎందుకు?"

ఫ్రెంపొంగ్ తలెత్తాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నొప్పివల్లో, మాటవల్లో.

"నీ చేతి ముద్ద తప్ప బయటిదేదీ ముట్టలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్."

వాకిట్లో ఎవరిదో కోడి అరిచింది.

చివరికి కొనాడే పెట్టె మూత వేసింది. వేసి, దాన్ని మంచం కిందికి కాలితో తోసింది.

"సరే. సోమవారం ఆ తిండి పాఠాలు చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళాలన్నావు కదా. వెళ్ళండి. రేపు కాదు, పై ఆదివారం వస్తాను. ఈలోగా వీడికి మళ్ళీ నొప్పొచ్చిందని తెలిసిందో, తీసుకుపోతాను. అప్పుడు గుమ్మానికి అడ్డం నిలబడకు."

వెళ్తూ వెళ్తూ సంచిలోంచి, ఎప్పుడొచ్చినా తెచ్చే బిస్కెట్ పొట్లాలు నాలుగు తీసి బల్లమీద పెట్టింది. ఆక్రాలో పెద్ద దుకాణంలో వెతికి కొన్నవి. చక్కెర లేనివి. పైన ఎర్రటి గుండె బొమ్మ ఉన్నవి.

"ఇవైనా పెడుతూ ఉండు. ఒంటికి మంచివి."

*

సోమవారం పొద్దున్న బిరాగో వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి సీసా, ప్రతి పొట్లం ఒక పెద్ద గళ్ళ సంచిలో వేసుకుంది.

"ఇదంతా ఎందుకు?" అన్నాడు ఫ్రెంపొంగ్.

"సాక్ష్యానికి."

ఆసుపత్రిలో ఆహార సలహాలిచ్చే తకీవా గారికి యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. ఆవిడ గదిలో రోగులు ఏడ్వడం మామూలే కాబట్టి బల్లమీద ఎప్పుడూ ఒక తువ్వాలు మడిచి ఉంటుంది. బిరాగో సంచి చూసి ఆవిడ నవ్వింది.

"ఇల్లు మారుతున్నారా?"

"లేదమ్మా. మా వదిన నన్ను హంతకురాలంది. కాదో అవునో మీరే తేల్చండి."

తకీవా నవ్వు ఆపేసింది. సంచి అందుకుని ఒక్కొక్కటీ బల్లమీద పేర్చింది. నూనె సీసా ఎత్తి వెలుగులో చూసింది. సగానికి పైగా అలాగే ఉంది, మూత చుట్టూ దుమ్ము పట్టింది.

"దీంట్లో నీ తప్పు లేదు," అంది. టమాటా డబ్బా, బీన్స్, బియ్యం, ఎండు చేపలు, అన్నీ ఒక పక్కకు జరిపింది. తర్వాత పసుపుపచ్చ డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుంది. టీలో కలిపే తెల్ల క్రీమర్ పొడి.

"ఇది ఎవరికి?"

"ఆయనకే. ఇదివరకు టీలో డబ్బాపాలు పోసుకునేవాడు. పాలల్లో కొవ్వుంటుందని నేనే మాన్పించాను. దీనిమీద 'కొలెస్ట్రాల్ లేదు' అని రాసుందని పక్కింటావిడ చదివి చెప్పింది. అందుకే తెచ్చాను."

"ఎన్ని చెంచాలు వేసుకుంటారు?"

ఫ్రెంపొంగ్ సర్దుక్కూర్చున్నాడు. "నాలుగు... ఐదు."

"సమంగానా, గోపురంలానా?"

బిరాగో అంది, "గోపురంమీద కలశంతో సహా. రోజుకి మూడు కప్పులు."

తకీవా డబ్బా వెనక్కి తిప్పి బిరాగో చేతిలో పెట్టింది. "చదువు."

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. ఆరో తరగతితో ఆగిపోయాను. కుట్టుపని చేస్తాను."

"టేపు పట్టే చేతులన్నమాట. అంకెలు వచ్చుగా? అది చాలు. ఇక్కడ చూడు. మూడక్షరాలు, F, A, T. కొవ్వంటే ఇది. దీన్ని బొమ్మలా గుర్తుపెట్టుకో. ఈ వరసలో వేలు పెట్టి పక్కకి జరుపు. రెండు అంకెలు కనబడతాయి. ఏమిటవి?"

బిరాగో డబ్బాని కంటికి దగ్గరగా తెచ్చుకుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసే చూపు. "మొదటిది, సున్నా చుక్క ఏడు. రెండోది ముప్పైమూడు."

"మొదటిది ఒక్క వడ్డనకి. వడ్డనంటే వీళ్ళ లెక్కలో ఎంతో తెలుసా? రెండు గ్రాములు. అరచెంచా. ఎవరైనా అరచెంచా వేసుకుంటారా? రెండోది వంద గ్రాములకి."

బిరాగో వేలు అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా అంది, "అంటే గజానికి ఇంత అని చెప్తే ధర తెలుస్తుంది. ముక్కకి ఇంత అంటే, ఆ ముక్క ఎంత కత్తిరించాలో వాడి ఇష్టం."

తకీవా కళ్ళద్దాలు తీసేసింది. "పదిహేడేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని చెప్తున్నాను. ఇంత తేలిగ్గా నాకే ఎవరూ చెప్పలేదు."

"మరి 'కొలెస్ట్రాల్ లేదు' అన్నది అబద్ధమా?"

"నిజమే. ఈ పొడి చెట్టునుంచి వచ్చే నూనెతో చేస్తారు, అందులో అది ఉండదు. కానీ కొవ్వుంటుంది. డబ్బా ముందు లేనివాటి గురించి గొప్పలు చెప్తారు. ఉన్నదేమిటో వెనక చిన్నక్షరాల్లో రాస్తారు. ఎప్పుడూ వెనక చూడు, వంద గ్రాముల దగ్గర చూడు. మూడు లోపుంటే తీసుకో. పదిహేడు దాటితే అక్కడే పెట్టేసి రా. మధ్యలో ఉంటే కొలిచి, కొంచెమే."

"మూడు, పదిహేడు," అంది బిరాగో. నడుము కొలత గుర్తుపెట్టుకున్నట్టు.

"నీ మొగుడు రోజూ టీలోనే రెండు పెద్ద చెంచాల నూనె తాగుతున్నాడన్నమాట."

బిరాగో డబ్బా బల్లమీద పెట్టేసింది. అయితే వదిన అన్నది నిజమే. గాల్లోంచి రాలేదు. తన చేత్తో కొని, తన చేత్తో కలిపి, తన చేత్తో అందించింది.

"తువ్వాలు అక్కడుంది," అంది తకీవా మామూలుగా. "ఏడ్చి ముగించు. ఇంకా పనుంది. ఈ బిస్కెట్లు చూడు."

గుండె బొమ్మ పొట్లం. బిరాగో కళ్ళు తుడుచుకుని వెనక్కి తిప్పింది. మూడక్షరాలు దొరికాయి. వేలు పక్కకి జరిపింది.

ఇరవైనాలుగు.

"చక్కెర లేదన్నమాట కూడా నిజమే," అంది తకీవా. "రోజుకి ఎన్ని?"

ఫ్రెంపొంగ్ చివరికి అన్నాడు, "అర పొట్లం. పనిలో ఆకలేస్తే అవే. ఆకలి ఎప్పుడూ ఉంటోంది. చప్పిడి తిండి... అవి ఒక్కటే రుచిగా ఉండేవి. మా అక్క తెచ్చినవి. పోయినసారి నొప్పొచ్చిన రోజు పొట్లం మొత్తం తిన్నాను. ఒంటికి మంచివనుకున్నాను."

బిరాగో ఆ పొట్లాన్ని పసుపుపచ్చ డబ్బా పక్కన పెట్టింది.

"తప్పు ఎవరిదని వెతక్కండి," అంది తకీవా. "గుండె బొమ్మ చూసి డాక్టర్లే కొంటారు. ఇంకోటి. కొవ్వు సున్నా చెయ్యమని ఎవరూ అనలేదు. తగ్గించమన్నాం. అతని కడుపు మాడ్చకు. బీన్స్ పెట్టు. చేమాకు కూర నూనె లేకుండా పెట్టు. చేప కాల్చి పెట్టు. తోలు తీసిన కోడితో పల్చటి పులుసు కాచి, కర్రపెండలం దంచి ఫూఫూ ముద్ద పెట్టు. ఫూఫూలో కొవ్వు లేదు. దంచుకో, హాయిగా."

"ఫూఫూ?" ఫ్రెంపొంగ్ ముందుకి వంగాడు. "తినొచ్చా?"

"ఎవరు వద్దన్నారు?"

బిరాగో మెల్లగా అంది, "నేనే. భయంతో."

ఫ్రెంపొంగ్ నవ్వాడు. నలభై రోజుల తర్వాత అతను నవ్వడం అదే మొదలు. నవ్వితే పక్క నొప్పి పెడుతుందని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు.

లేచి వచ్చేటప్పుడు బిరాగో తకీవా రెండు చేతులూ పట్టుకుంది. "నా ఇల్లు నాకిచ్చారమ్మా," అంది.

"వెళ్ళు, వెళ్ళు. పులుసు కాచు."

*

ట్రోట్రో కోసం నిలబడ్డప్పుడు ఫ్రెంపొంగ్ అన్నాడు, "శనివారం నేనెందుకు మాట్లాడలేదో తెలుసా?"

"తెలియదు. తెలుసుకోవాలనీ లేదు."

"ఒక్క క్షణం... ఒకవేళ నువ్వే, నామీద జాలేసి, తెలియకుండా నూనె చుక్క వేస్తున్నావేమో అనుకున్నాను."

బిరాగో రోడ్డు వైపే చూస్తూ ఉంది. రెండు బండ్లు వచ్చి వెళ్ళిపోయాయి. ఎక్కలేదు.

"నేను వేపుడు చేపలావిణ్ణి అన్నాను," అంది చివరికి. "నువ్వు నన్ను అన్నావు. చెల్లుకి చెల్లు."

"చెల్లు కాదు. పదిహేనేళ్ళ కాపురంలో నీ చేతి తిండి మీద అనుమానపడ్డాను. అది నాది పెద్దది."

"సరే, పెద్దదే. బండొచ్చింది, ఎక్కు. కోడి కొనాలి, తోలు తియ్యాలి, ఎంత పనుంది!"

బండిలో ఇరుకున కూర్చున్నాక అతను ఆమె చెయ్యి తన ఒళ్ళోకి లాక్కున్నాడు. దిగేదాకా వదల్లేదు.

*

ఆ వారం బిరాగోకి కొత్త జబ్బు పట్టుకుంది. దుకాణానికి వెళ్తే డబ్బా ముందు చూడదు. వెనక్కి తిప్పేస్తుంది.

"ఏమిటమ్మా, పెళ్ళిచూపులా?" అంది కొట్టు నడిపే అఫ్రియే. "అరగంటైంది. ఆ చేపల డబ్బా సిగ్గుపడిపోతోంది!"

"వీటిల్లో ఏది మంచి కుటుంబంలోంచి వచ్చిందో చూస్తున్నానే. ఇదిగో, ఇది నూనెలో మునిగింది, పద్దెనిమిది. ఇది ఉప్పునీళ్ళలోది, రెండు. రెండిటిమీదా చేప నవ్వు మాత్రం ఒకటే!"

"మరి ఈ మయొనైజు? 'సగం కొవ్వు' అని రాసుంది."

"దేన్లో సగం? తిప్పు... ఇరవైఏడు! బందిపోటు సగం దోచుకుంటే దొర అవుతాడా?"

అఫ్రియే పకపకా నవ్వింది. కానీ బిరాగో వెళ్ళాక ఆవిడ కూడా తన టీ పొడి డబ్బా పక్కనున్న పసుపుపచ్చ డబ్బాని తిప్పి చూసుకుంది.

సోమవారం నొప్పి రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం పొద్దున్న ఫ్రెంపొంగ్ పక్కమీద లేచి కూర్చుని, తనను తాను నమ్మలేనట్టు కుడి పక్క నొక్కి చూసుకున్నాడు. శుక్రవారానికి బడికి వెళ్ళి, కుర్రాళ్ళని గేరు సరిగ్గా వెయ్యలేదని తిట్టి వచ్చాడు. ఆ తిట్లు వాకిట్లో మళ్ళీ చెప్తుంటే బిరాగో కుట్టుమిషన్ ఆపి విన్నది. దేవుడికి, తకీవాకి, ఆ చిన్నక్షరాలు అచ్చువేసిన ఎవరో ముఖం తెలియని మనిషికి కూడా మనసులో దండం పెట్టుకుంది.

ఒక్కటే బరువు మిగిలింది. ఆదివారం.

"అక్కకి నేను చెప్తాను," అన్నాడు ఫ్రెంపొంగ్. "అందరిముందూ నిన్ను అన్న మాటలకి..."

"నువ్వు నోరు మూసుకో. ఆవిడ మనమీద గెలవడానికి వచ్చే మనిషి కాదు. పోయినసారి నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వరండాలో చాప పరుచుకుని మూడు రోజులు కూర్చుంది. నేను బట్టలు మార్చుకోవడానికి ఇంటికి పోయాను. ఆవిడ పోలేదు."

*

ఆదివారం ఇంటింటా ఫూఫూ దంపుళ్ళ చప్పుడు మొదలయ్యే వేళకి కొనాడు వచ్చింది. వాకిట్లోనే ఆగిపోయింది.

తమ్ముడు పీటమీద కూర్చుని, పల్చటి పులుసులో ఫూఫూ ముంచుకుని, మోచేతిదాకా కారుతుంటే నాక్కుంటున్నాడు.

"నొప్పి?" అంది కొనాడు.

"ఏడు రోజులు. లేదు."

కొనాడు తమ్ముడి బుగ్గ నిమిరింది. తర్వాత బిరాగో వైపు తిరిగింది. ముఖంలో సంతోషమూ, ఓడిపోయిన కోపమూ కలిసి ఉన్నాయి. "చూశావా? నేను గట్టిగా అన్నాను కాబట్టే దారికొచ్చావు. బిస్కెట్లు పెడుతున్నావుగా? ఇంకో ఆరు తెచ్చాను."

ఫ్రెంపొంగ్ నోరు తెరిచాడు. బిరాగో చూపుతోనే మూయించింది.

"వదినా, లోపలికి రండి. ఒకటి చూపించాలి."

వంటింట్లో బల్లమీద రెండే వస్తువులు పెట్టి ఉంచింది. పసుపుపచ్చ డబ్బా ముందు తీసింది.

"ఇది నేను తెచ్చింది వదినా. ఆయనకి మంచిదనుకుని. వెనక ఈ మూడక్షరాల పక్కన, వంద గ్రాముల కింద ఎంతుందో చూడండి. పదిహేడు దాటితే విషమని ఆసుపత్రిలో చెప్పారు."

కొనాడు అంకెల మనిషి. చూపు ఇట్టే పట్టింది. "ముప్పైమూడా! నేనన్నానా లేదా? నువ్వే..."

"అవును. నేనే. మీరన్నది నిజం." బిరాగో రెండోది అందించింది.

కొనాడు పొట్లం తిప్పింది. వేలు ఒకచోట ఆగింది. వాకిట్లో రోకళ్ళు దంచుతున్నాయి.

"రోజూ తిన్నాడా?" అంది చివరికి. నాలుగిళ్ళకు వినబడే గొంతు పక్కనున్న మనిషికే వినబడలేదు.

"మీరు తెచ్చారని తిన్నాడు. నేను కలిపానని తాగాడు. ఇద్దరం ప్రేమగానే పెట్టాం వదినా."

"వాకిట్లో అంతమంది ముందు నేను నిన్ను..."

"మీరు ఆ రోజు తిట్టకపోతే నేను ఆ సంచి మోసుకుని వెళ్ళేదాన్నే కాదు. రెండు డబ్బాలు పట్టుకెళ్ళి, రెండు మాటలు విని వచ్చేదాన్ని. మీకు రుణపడ్డాను. నిజంగా అంటున్నాను."

కొనాడు బల్లకి ఆనుకుని కూర్చుంది. బిరాగోని దగ్గరికి లాక్కుని, తల ఆమె పొట్టకి ఆనించింది. ఇద్దరిలో పెద్దది ఆవిడే. అయినా అలాగే ఉండిపోయింది. బిరాగో ఆవిడ తలగుడ్డ సవరిస్తూ నిలబడింది.

"ఆ తకీవా... ఎప్పుడెప్పుడు కూర్చుంటుంది?" అంది కొనాడు తలెత్తకుండానే.

"సోమ, గురువారాలు. ఎందుకు?"

"ఊరికే. వాడికి నొప్పి ఎలా వచ్చేది? పక్కనే ఉండేదా, లేక వీపు వెనక్కి పోయి, కుడి భుజం కింద మేకు దిగేసినట్టు..."

బిరాగో చేతులు ఆగిపోయాయి. ఆ మేకు సంగతి ఫ్రెంపొంగ్ డాక్టరుకి చెప్పాడు, తనకి చెప్పాడు. అప్పుడు అక్క అక్కడ లేదు.

"మీకెవరు చెప్పారు వదినా?"

కొనాడు కుడిచెయ్యి పక్కటెముకల కిందికి జారి, అక్కడ నొక్కుకుంది. చాలాకాలంగా అలవాటైన చోటికి పోయినట్టు పోయింది ఆ చెయ్యి.

"రెండేళ్ళయింది," అంది. "ఈ మధ్య కళ్ళు కూడా పచ్చబడుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. వాడి ఆపరేషన్ అయ్యేదాకా నువ్వూ చెప్పకు. నామీద ఒట్టు."

బిరాగో వంగి, ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, కిటికీ వెలుగువైపు తిప్పింది. చూసింది.

వాకిట్లోంచి ఫ్రెంపొంగ్ కేకేస్తున్నాడు. "అక్కా! బిరాగో! ఏం మంతనాలక్కడ? రండి, ఈ పులుసు ఇద్దరూ రుచి చూడాలి!"